ఆరోగ్యం గురించి ఫోన్‌లో చూసింది నమ్మొచ్చా? తేల్చుకునే పద్ధతి

నేను తిరుపతిలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టును. ఒకప్పుడు కౌంటర్ మీద చీటీ పెట్టేవాళ్లు, ఇప్పుడు ఫోన్ పెడుతున్నారు. “అన్నా, ఈ వీడియోలో చెప్పిన పొడి మీ దగ్గర ఉందా?” “ఈ షుగర్ మాత్ర కిడ్నీలు పాడు చేస్తుందంట కదా, నిలిపేసేదా?” ఇలా అడిగేవాళ్లలో లెక్చరర్లు ఉన్నారు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. అమ్మను ఇక్కడి రుయా ఆస్పత్రిలోనో స్విమ్స్‌లోనో చూపించడానికి పీలేరు నుంచి, పలమనేరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన కొడుకులు, కూతుళ్లు ఉన్నారు. ఓపీ క్యూలో గంటల తరబడి నిలబడి, డాక్టర్ ముందు కాసేపు కూర్చుని లేచిన మనిషికి అడగాల్సినవి ఎన్నో మిగిలిపోతాయి. వాటిని ఫోన్‌ని అడుగుతారు. అందులో తప్పేమీ లేదు. అయితే వచ్చిన జవాబును పరీక్షించుకునే పద్ధతి ఒకటి చేతిలో ఉండాలి. కౌంటర్ దగ్గర ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు అడగాల్సింది: ఇది నన్ను ఏం చేయమంటోంది?

వీడియో చూడగానే “ఇది నిజమా?” అని అడుగుతాం. దానికంటే ముందు “ఇది నమ్మితే నేను రేపు పొద్దున ఏం చేస్తాను?” అని అడగండి. ఎంత లోతుగా పరిశీలించాలో ఆ జవాబే చెబుతుంది.

పరగడుపున గోరువెచ్చని నీళ్లు తాగమంటే తాగండి, దాని మీద పరిశోధన చేయనక్కర్లేదు. డబ్బు పెట్టి ఏదో కొని రోజూ మింగమంటే ఒక గంట కూర్చుని కింద చెప్పినవన్నీ చూడండి. ఇక మూడో రకం ఉంది: వాడుతున్న మాత్ర ఆపమనేది, ఆపరేషన్ వద్దనేది, టీకా వేయించొద్దనేది, పరీక్షకు వెళ్లొద్దనేది. ఇలాంటిదాన్ని ఎవరు చెప్పినా, ఎంత బాగా చెప్పినా, మీకు మందు రాసిన డాక్టర్‌తో మాట్లాడకుండా అమలు చేయకండి. టైప్ 1 షుగర్ ఉన్న బిడ్డకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. కొన్ని రకాల బీపీ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే బీపీ మునుపటికంటే పైకి ఎగురుతుంది. గుండెకు స్టెంట్ వేశాక ఇచ్చే రక్తం పలచన చేసే మాత్రల సంగతి చెప్పనే అక్కర్లేదు. “మాత్రలు మానేసి హాయిగా ఉన్నాను” అని వీడియోలో నవ్వుతూ చెప్పిన మనిషికి మీ అమ్మగారి జబ్బు ఏ దశలో ఉందో తెలియదు.

అసలు ఫోన్ ముట్టుకోకూడని సమయాలూ ఉన్నాయి. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యో కాలో పడిపోవడం, మాట తడబడడం, ఊపిరి ఆడకపోవడం, పాము కాటు. వీటికి 108 తప్ప ఇంకేదీ వెతకొద్దు. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది మొదలైన నాలుగున్నర గంటల లోపే. “గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి” అనే మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది, దాన్ని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సమర్థించదు. పాము కాటుకు తాడు బిగించి కట్టమనీ, కోసి రక్తం పీల్చమనీ చెప్పే వీడియోలు ఇంకా ఉన్నాయి, రెండూ హానే చేస్తాయి. కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. పొలం పనులుండే మన పల్లెల్లో ఇది అందరికీ తెలిసి ఉండాలి. కరిచిన కాలు కదలకుండా పెట్టి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆస్పత్రికి చేర్చడమే పని.

2. ఆ వీడియోలోంచి బయటికి రండి

ఒక వీడియో నమ్మదగిందో కాదో ఆ వీడియోనే మళ్లీ మళ్లీ చూస్తే తేలదు. తెల్ల కోటు, వెనక పుస్తకాల అల్మారా, స్పష్టమైన తెలుగు, లక్షల వ్యూస్ ఎవరైనా సమకూర్చుకోగలరు. దాన్ని మూసి, చెప్పిన మనిషి గురించి వేరే చోట వెతకండి.

డాక్టర్ అని చెప్పుకుంటే నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉంది. పేరుతోగానీ రిజిస్ట్రేషన్ నంబర్‌తోగానీ వెతకొచ్చు. ఒకే పేరు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి నంబర్‌తో వెతకడం మేలు. అందులో కనిపించనంత మాత్రాన దొంగ డాక్టర్ అనుకోకండి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ జాబితా కూడా చూడండి. ఆయుర్వేద, హోమియో వైద్యులకు వేరే రిజిస్టర్లు ఉంటాయి. పేరు ముందు ‘డాక్టర్’ అని ఉన్న ప్రతి ఒక్కరూ వైద్యులు కారు. పీహెచ్‌డీ చేసినవాళ్లకూ ఆ పదం ఉంటుంది, పదిహేను రోజుల కోర్సు చేసి తగిలించుకున్నవాళ్లూ ఉన్నారు. నిజంగా ఎంబీబీఎస్, ఎండీ చదివినవారే అయినా ఏ విభాగమో చూడండి. ఎముకల డాక్టర్ థైరాయిడ్ గురించి చెప్పేది వినొచ్చు. కానీ అది ఆయన రోజూ చేసే పని కాదన్న సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. పేరున్న గుండె డాక్టర్ల ముఖాన్నీ గొంతునూ కంప్యూటర్‌తో అనుకరించి, వాళ్లే ఏదో నూనెను అమ్ముతున్నట్టు వీడియోలు చేస్తున్నారు. పెదవుల కదలికకు, మాటకు పొంతన కుదరకపోతే అనుమానించాలి. కుదిరినా సరే, ఆ డాక్టర్ పనిచేసే ఆస్పత్రి సొంత వెబ్‌సైట్‌లో ఆ మాట ఉందేమో చూడాలి. పెద్ద డాక్టర్ ఎవరూ తన పేరుతో పొడి అమ్మడానికి అర్ధరాత్రి ఫేస్‌బుక్ ప్రకటనలోకి రారు.

యూట్యూబ్‌లో కొన్ని వీడియోల కింద, ఇది లైసెన్స్ ఉన్న డాక్టర్‌దనో గుర్తింపు పొందిన ఆస్పత్రిదనో చిన్న గమనిక కనిపిస్తుంది. అది పనికొచ్చే సూచన. కానీ మనిషి ఎవరన్నదే అది చెబుతుంది, చెప్పిన ప్రతి వాక్యం సరైనదని పూచీ ఇవ్వదు. కొన్ని ఆరోగ్య వెబ్‌సైట్ల అడుగున ‘హాన్ కోడ్’ అనే ముద్ర ఇంకా ఉంటుంది. జెనీవాలోని ఒక సంస్థ 1996 నుంచి ఇచ్చిన ఆ ముద్ర 2022 డిసెంబరుతో ఆగిపోయింది, ఈరోజు అది ఎక్కడ కనిపించినా విలువ లేదు. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో ‘ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్’ అని ఉంటే, అది పుట్టిన చోటికీ మీకూ మధ్య కనీసం ఐదు చేతులు మారాయని అర్థం. అప్పుడు “మా డాక్టర్ ఫ్రెండ్ చెప్పారు” అనే వాక్యంలో ‘మా’ ఎవరిదో ఎవరికీ తెలియదు.

3. డబ్బు ఎటు పోతుందో చూడండి

పదిహేను నిమిషాలు షుగర్ గురించి బాగా వివరించి చివర్లో కింద నంబర్ ఇచ్చారంటే, ముందు చెప్పిందంతా ఆ నంబర్ కోసమే అయి ఉండొచ్చు. అమ్మడం నేరం కాదు, నేనూ మందులు అమ్మేవాడినే. కానీ అమ్మేవాడి మాటకు అమ్మని మనిషి సాక్ష్యం కావాలి.

ఇక్కడ ఒక చట్టం మీకు అండగా ఉంది. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం షుగర్, క్యాన్సర్, బీపీ, గుండె జబ్బులు, పక్షవాతం, మూర్ఛ, కంటి శుక్లం, కిడ్నీలో రాళ్లు వంటి జబ్బుల జాబితా ఒకటి ఉంది. వాటిని నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడమే నిషేధం. అంటే “షుగర్ శాశ్వతంగా నయం” అనే ప్రకటన కనిపించిందంటే, ఆ మందు సంగతి తర్వాత, ఆ ప్రకటనే చట్టానికి విరుద్ధం. ఈ ఒక్క విషయం గుర్తున్నా సగం వీడియోలు అక్కడే వడపోతకు ఆగిపోతాయి.

తర్వాత డబ్బా తిప్పి చూడండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉంటే అది చట్టం దృష్టిలో ఆహారం, మందు కాదు. ఇలాంటి హెల్త్ సప్లిమెంట్ల మీద ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అని రాయాలని నిబంధన. వైద్యానికి వాడరాదని డబ్బా మీదే ఉంటుంది, వీడియోలో మాత్రం మోకాళ్ల నొప్పులకు మందంటారు. ఆయుర్వేద మందు అయితే తయారీ లైసెన్స్ నంబర్, పదార్థాల పేర్లు, బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉండాలి. ఇవేవీ లేకుండా కవర్‌లో కట్టి కొరియర్‌లో వచ్చే పొడిని నోట్లో వేసుకోకండి. “వారంలో నొప్పులు మాయం” అనే పొడుల్లో స్టెరాయిడ్లు, షుగర్ పొడుల్లో అసలైన ఇంగ్లిష్ షుగర్ మాత్రలే కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలు ఉన్నాయి. వారంలో గుణం కనిపిస్తే సంతోషించే ముందు అందులో ఏముందో అనుమానించాలి.

4. రుజువు ఏ రకందో తేల్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. ఎందుకంటే మనల్ని తప్పుదారి పట్టించేవాటిలో చాలావరకు అబద్ధాలు కావు. నిజాయితీగా చెప్పిన అనుభవాలే.

కామెర్లకు పసరు సంగతి తీసుకోండి. మన జిల్లాల్లో పసరు పోసేవాళ్లు, వాతలు పెట్టేవాళ్లు ఊరూరా ఉన్నారు. తాగినవాళ్లు “నాకు తగ్గింది” అని వీడియోలో చెబితే వాళ్లు అబద్ధమాడడం లేదు. కలుషితమైన నీళ్లు, ఆహారం వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, మజ్జిగన్నం తిని విశ్రాంతి తీసుకున్నా తగ్గుతాయి. కానీ పేరు పసరుకు వస్తుంది. చిక్కెక్కడంటే, కళ్లు పచ్చబడడానికి కారణం అదొక్కటే కాదు. పిత్తనాళానికి రాయి అడ్డుపడినా, హెపటైటిస్ బి ఉన్నా, క్లోమంలో క్యాన్సర్ గడ్డ ఉన్నా అవే పచ్చ కళ్లు. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణాంతకం కావచ్చు. వీళ్లు పసరు కోసం తిరిగిన మూడు వారాలు తిరిగి రావు. కాబట్టి ఏ అనుభవం విన్నా అడగాల్సిన ప్రశ్న: ఏమీ చేయకపోయినా ఇది తగ్గేదా?

విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు విషయంలో ఇంకో ప్రశ్న అడగాలి. ఆ పేరు తెలియని ఊరు దక్షిణాదిలో తక్కువ. ఆ పేరు బోర్డు మీద రాసుకున్నవాళ్లందరూ పుత్తూరు వాళ్లూ కారు, వీడియోలు పెట్టేవాళ్లందరికీ ఆ చేతివాటమూ లేదు. విరిగిన ఎముక పక్కకు జరగకుండా ఉంటే, కదలకుండా కట్టి ఉంచితే కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. శరీరానికే ఆ గుణం ఉంది. అందుకే నడుచుకుంటూ వచ్చి చూపించేవాళ్లు నిజంగానే దొరుకుతారు. కట్టు బిగుతై రక్తం ఆడక వేళ్లు నల్లబడినవాళ్లు, వంకరగా అతుక్కుని మళ్లీ ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లు ఆ కెమెరా ముందుకు రారు. వచ్చినవాళ్లను చూసి లెక్క వేస్తే రానివాళ్లు లెక్కలోకే రారు. కట్టుకు ముందు, తర్వాత ఎక్స్‌రే చూపించారా అని అడగండి. చూపించకపోతే అక్కడ మీకు తెలిసిందల్లా ఒక మనిషి నడుస్తున్నాడని మాత్రమే.

“శాస్త్రీయంగా రుజువైంది” అన్నప్పుడు ఏం చేయాలో వేగిస చెక్క గ్లాసుతో చూపిస్తాను. రాత్రి నీళ్లు పోసి ఉంచితే రంగు మారుతుంది, పొద్దున తాగితే షుగర్ తగ్గుతుందంటారు. శేషాచలం కొండల్లో పెరిగే చెట్టే ఇది, సంప్రదాయ వైద్యంలో దీనికి పాత పేరుంది. వెతికితే పరిశోధన నిజంగానే దొరుకుతుంది: 1998లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. 97 మందిలో 67 మందికి షుగర్ అదుపులోకి వచ్చిందని ఉంది. అమ్మేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. మీరు ఇంకో నాలుగు వాక్యాలు చదవండి. ఆ 97 మంది అప్పుడే షుగర్ బయటపడినవాళ్లు లేదా అప్పటిదాకా మందులు వాడనివాళ్లు, పదేళ్లుగా మాత్రలు మింగుతున్న మీ నాన్నగారి లాంటివాళ్లు కారు. వాళ్లకు ఇచ్చింది గ్లాసులో నానిన నీళ్లు కావు, గ్రాముల లెక్కన కొలిచిన చెక్క సారం. పోల్చి చూడడానికి మందు ఇవ్వని రెండో గుంపు ఆ ప్రయోగంలో లేదు. షుగర్ అని తెలిసిన కొత్తలో అందరూ తిండి తగ్గిస్తారు, నడక మొదలుపెడతారు, దానివల్లే ఎంత తగ్గిందో అలాంటి ప్రయోగం చెప్పలేదు. అంటే పరిశోధన నిజమే. దాని మీద నిలబెట్టిన గ్లాసు వ్యాపారానికి మాత్రం అది పునాది కాదు.

ఏ పరిశోధన కనిపించినా ఈ వరసలో అడగండి. గాజు పాత్రలోని కణాల మీద చేశారా, ఎలుకల మీదా, మనుషుల మీదా? మనుషుల మీదైతే ఎంతమంది? రెండు గుంపులు చేసి, ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా పంచారా? ఇంకెవరైనా అదే చేసి అదే ఫలితం చూశారా? గాజు పాత్రలో క్యాన్సర్ కణాలను చంపేవి వందల్లో ఉంటాయి, బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది.

హాని లేదని తేలడం వేరు, పనిచేస్తుందని తేలడం వేరు. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కు ఇచ్చిన మందు కోసం జనం పోటెత్తడం మనందరం చూశాం. ఆ నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలను పక్కన పెట్టి, కొన్ని మందులకు అనుమతి ఇచ్చింది. హాని ఉన్నట్టు తేలలేదని చెబుతూనే, కోవిడ్ దానివల్ల తగ్గుతుందనడానికి ఆధారం లేదనీ చెప్పింది. వాట్సాప్‌లో మొదటి సగమే తిరిగింది. సర్కారు అనుమతి అనే మాట విన్నప్పుడు దేనికి అనుమతి, ఏమని అనుమతి అని చదవాలి.

సహజం కాబట్టి సురక్షితం అనే మాట కూడా ఇలాంటిదే. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటా కాచారు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, పోలికలున్న వేరే తీగ వాడి ఉండొచ్చని చెప్పింది. ఎవరి మాట సరైనదన్నది పక్కన పెట్టినా, గోడ మీద పాకిన తీగ ఏదో మనకు కచ్చితంగా తెలియదన్నది మాత్రం రెండు వాదనల్లోనూ తేలుతుంది. పసుపు వంటలో వేసుకోవడం వేరు, గాఢమైన పసుపు క్యాప్సూళ్లు నెలల తరబడి మింగడం వేరు. రెండో రకంతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.

5. అంకెలు, కొలతలు మనవేనా?

విదేశీ వెబ్‌సైట్ చదివి టెన్షన్ పడి వచ్చేవాళ్లలో చాలామందికి సమస్య కొలతల్లోనే ఉంటుంది. పరగడుపున షుగర్ 7 దాటితే డయాబెటిస్ అని బ్రిటన్ పేజీలో ఉంటుంది. మన ల్యాబ్ రిపోర్టులో 110 అని ఉంటుంది. ఆ 7ను 18తో గుణిస్తే 126, అదే మన లెక్క. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ వేరే అంకె, దాన్ని రోజువారీ షుగర్‌తో కలపకూడదు. బరువు విషయంలో విదేశీ కాలిక్యులేటర్ బీఎంఐ 24ను మామూలుగా ఉందంటుంది. భారతీయులకు 23 నుంచే అధిక బరువుగా లెక్కిస్తారు. బీపీ 130/80 దాటితే అధికమని అమెరికా వాళ్లు 2017లో హద్దు దించారు, మన దగ్గర చాలామంది డాక్టర్లు 140/90 హద్దుగా తీసుకుంటారు. ఇందులో మోసం లేదు, ఇద్దరు తెలిసినవాళ్ల మధ్య నిజమైన అభిప్రాయభేదం. మందుల పేర్లూ మారతాయి. అమెరికా పేజీల్లోని అసిటమినోఫెన్ మన పారాసిటమాలే. వేర్వేరు మందులనుకుని రెండూ మింగితే మోతాదు రెట్టింపవుతుంది.

శాతాల దగ్గర ఆగండి. “ముప్పు 50 శాతం పెరుగుతుంది” అంటే గుండె గుభేలుమంటుంది. పదివేల మందిలో ఇద్దరికి వచ్చేది ముగ్గురికి వచ్చినా 50 శాతమే. ఎంత నుంచి ఎంతకు అని చెప్పని శాతానికి భయపడొద్దు. “ఆవకాయ తింటే క్యాన్సర్ అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది” అనే మెసేజ్ మూలం వెతికితే ఏముందో తెలుసా? ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ‘ఆసియా సంప్రదాయ ఊరగాయలు’ అని 2బి గ్రూపులో పెట్టింది. చూసింది ముఖ్యంగా చైనా, కొరియా, జపాన్ పద్ధతిలో పులియబెట్టిన కూరగాయలను. 2బి అంటే ‘కారణం కావచ్చేమో’ అనే స్థాయి. ఆ గ్రూపులు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి, ముప్పు ఎంత పెద్దదో చెప్పవు. ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లు ఆవకాయ తగ్గించాలి, అది వేరే సంగతి.

6. ఎక్కడ, ఎలా వెతకాలి

“వేగిస గ్లాసు షుగర్‌కు మంచిదా” అని వెతికితే మంచిదనే పేజీలే వస్తాయి. అదే పేరుకు ‘హాని’, ‘సైడ్ ఎఫెక్ట్’, ‘నిజమా’ అనే మాటలు చేర్చి రెండోసారి వెతకండి. మూడోసారి నమ్మదగిన సంస్థ పేరు చేర్చి వెతకండి. తిండి విషయమైతే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. వాళ్లు 2024లో భారతీయుల కోసం 17 సూచనలతో ఆహార మార్గదర్శకాలు విడుదల చేశారు. మందులు, జబ్బుల గురించి బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్, అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్ మెడ్‌లైన్‌ప్లస్. పరిశోధన పత్రాల కోసం పబ్‌మెడ్. ఒక అంశం మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి తూచిన సమీక్ష కావాలంటే కాక్రేన్. వీటిలో వెతకడం ఉచితం, ఏవీ పొడులు అమ్మవు. ఇంగ్లిష్ రాకపోతే ఫోన్‌లోనే పేజీని తెలుగులోకి మార్చుకోవచ్చు. అయితే మోతాదులు, ‘చేయకూడదు’ అనే మాటలు ఉన్న వాక్యాలను మాత్రం ఇంగ్లిష్ తెలిసిన ఇంటి పిల్లల చేత మూలంలో చదివించుకోండి. అనువాదంలో ఒక్క ‘కాదు’ జారిపోతే అర్థం తలకిందులవుతుంది.

తేదీ చూడండి. ఎన్‌హెచ్ఎస్ పేజీల అడుగున చివరిసారి ఎప్పుడు సరిచూశారో రాసి ఉంటుంది. తేదీ లేని పేజీని పాతదనే అనుకోండి. ప్రచురించిన పరిశోధన తర్వాత వెనక్కి తీసుకున్నారేమో కూడా చూడాలి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పత్రం 1998లో లాన్సెట్‌లో వచ్చింది, అందులో ఉన్నది 12 మంది పిల్లలు. 2010లో పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. అయినా ఆ భయం చావలేదు. 2017లో మీజిల్స్-రుబెల్లా టీకాల సమయంలో తమిళనాడులో వాట్సాప్ పుకార్ల దెబ్బకు కార్యక్రమం గడువు పొడిగించాల్సి వచ్చింది. అటు చెన్నై, ఇటు బెంగళూరు మధ్య ఉన్నాం మనం. తమిళంలోనో కన్నడంలోనో పుట్టిన పుకారు తెలుగు చొక్కా తొడుక్కుని మన గ్రూపుల్లోకి రావడానికి ఎక్కువ కాలం పట్టదు. పబ్‌మెడ్‌లో ఉపసంహరించిన పత్రానికి పైనే ఆ హెచ్చరిక ఉంటుంది.

ఏఐ చాట్‌బాట్లను అడిగేవాళ్లు పెరిగారు. డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు తయారు చేసుకోవడానికి, రిపోర్టులోని పదాలు అర్థం చేసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. కానీ లేని పరిశోధనకు కూడా నమ్మదగినట్టు పేరు, సంవత్సరం చెప్పగలవు. అది చెప్పిన పత్రాన్ని పబ్‌మెడ్‌లో మీరే వెతకండి. దొరక్కపోతే ఆ జవాబును పక్కన పెట్టండి. మోతాదు మాత్రం దాన్ని అడగొద్దు.

7. డాక్టర్ ముందు ఎలా పెట్టాలి

“యూట్యూబ్‌లో చూశాను” అనగానే కొందరు డాక్టర్లు విసుక్కుంటారు. అందుకే చాలామంది చెప్పకుండా వాడేస్తారు, అసలు ప్రమాదం అక్కడే. వీడియో చూపించకండి, అంత సమయం ఉండదు. ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకెళ్లండి: ఏం వాడాలనుకుంటున్నారు లేదా ఇప్పటికే వాడుతున్నారు, దేనికోసం, ఇప్పుడు మింగుతున్న మాత్రలన్నిటి పేర్లు. “సార్, ఇది నేను వాడే మాత్రలతో కలిస్తే ఏమైనా అవుతుందా?” అని అడగండి. “మంచిదా కాదా” అని అడిగితే “వద్దు” అనే ఒక్క మాటతో తేలిపోతుంది. కలిస్తే ఏమవుతుందని అడిగితే వివరం వస్తుంది. పొడి డబ్బా ఉంటే వెంట తీసుకెళ్లండి. ఆయుర్వేదం గురించి అనుమానమైతే మన ఊళ్లోనే ఎస్వీ ఆయుర్వేద ఆస్పత్రి ఉంది. చదువుకున్న ఆయుర్వేద వైద్యులు కూడా వీడియో పొడుల గురించి మీకు నిక్కచ్చిగా చెబుతారు. మందుల షాపులో ఫార్మసిస్టును అడగడానికి మొహమాటపడకండి, ఏ మందు దేనితో కలవకూడదో చూడడం మా చదువులో భాగమే.

8. ఇంటి గ్రూపులో వచ్చినప్పుడు

పెద్దవాళ్లు పంపిన మెసేజ్ కింద అందరి ముందూ ‘ఫేక్’ అని రాస్తే వాళ్లు నొచ్చుకుంటారు. తర్వాత మీకు చెప్పకుండా వాడడం మొదలుపెడతారు. విడిగా ఫోన్ చేయండి. “చిన్నాయనా, మీరు పంపింది చూసినాను. మీరు గానీ మాత్రలు ఆపలేదు కదా?” అని ముందు అది కనుక్కోండి. మెసేజ్ నిజమా కాదా అన్న వాదన తర్వాత పెట్టుకోవచ్చు. ఆపలేదంటే మీరు వెతికి చూసిన పేజీ ఏదో వాళ్లకూ పంపండి, మీరే గ్రూపులో సరిదిద్దండి అని వాళ్లనే అడగండి. ఆపేసి ఉంటే ఏ మాత్ర, ఎన్ని రోజులైంది అనేది రాసుకుని ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. “పోనీలే, ఈ రాత్రి నుంచి మళ్లీ వేసుకోండి” అని మీరే చెప్పేయకండి. కొన్ని మందులు మధ్యలో ఆగితే పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, తక్కువ నుంచి మళ్లీ పెంచుకుంటూ రావాలి.